దిగ్లీపూర్ బస్సులో అయిదొందల ఎలక్ట్రాన్లు

ముందే చెప్పేస్తున్నాను, నేను అండమాన్ వెళ్లింది సముద్రం చూడ్డానికి కాదు. సముద్రం మా ఇంటి వెనకే ఉంది. భీమిలి రేవులో పాతికేళ్లుగా బోటు ఇంజన్లు విప్పడం, బిగించడం నా పని. ఏడో తరగతిలో బడి నన్ను వదిలేసిందో నేను బడిని వదిలేశానో ఇప్పటికీ మా ఇద్దరి మధ్యా తేలలేదు. అలాంటివాణ్ణి తిరిగొచ్చాక ఎలక్ట్రాన్ల గురించి రాస్తున్నానంటే తప్పు నాది కాదు, మా మేనకోడలిది.

మా అక్క నూకాలుకి అండమాన్ సంబంధం చేశారు. బావ ఎర్రయ్య వాళ్లు తాతల నాడే ఉత్తరాంధ్ర తీరం నుంచి అక్కడికెళ్లి స్థిరపడ్డారు. ఉత్తర అండమాన్లో దిగ్లీపూర్ దగ్గర చేపల వేట. ఆయన బోటు గేర్‌బాక్స్ పాడైతే "నువ్వే రావాలి" అని కబురు పెట్టాడు. అదే రోజు వాళ్లమ్మాయి గౌరి ఫోన్ చేసి తన లాప్‌టాప్‌కి బ్యాటరీ తెమ్మంది. గౌరి మెయిన్‌ల్యాండులో పెద్ద సంస్థలో పరిశోధన చేస్తోంది. నాన్న కొత్త వల దింపే పూజకని సెలవు మీద ఇంటికొచ్చింది.

బ్యాటరీ నంబరు అరచేతిలో రాసుకున్నాను. మెకానిక్కులందరికీ అరచేయే డైరీ. సాయంత్రం కిరసనాయిలుతో చేతులు కడుక్కున్నాను, డైరీ శుభ్రపడిపోయింది. కొలత తేకుండా బేరింగు కొనుక్కొచ్చిన వాళ్లని పాతికేళ్లుగా తిడుతున్న నేను, విశాఖలో దుకాణానికెళ్లి కంటితో చూసి ఒక బ్యాటరీ కొన్నాను. నల్లగా, పొడుగ్గా, అచ్చం లాప్‌టాప్ బ్యాటరీలాగే ఉంది.

ఓడ మీద

విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి మూడు పగళ్లు. అడుగు అంతస్తులో బంకులు, ఒకదాని మీద ఒకటి. పచారీ కొట్టు అరల్లో బస్తాల్లా పడుకున్నాం. క్యాంటీన్లో అన్నం, పప్పు, గుడ్డు కూర. రెండో రోజు పప్పు, గుడ్డు కూర, అన్నం. మూడో రోజుకి మా ఆవిడ ఇచ్చిన చింతకాయ పచ్చడి సీసా మూత తీశాను, నలుగురు కొత్త చుట్టాలు పుట్టుకొచ్చారు.

వాళ్లలో సత్యం గారని పెద్దాయన, పోర్ట్‌బ్లెయిర్ హాడో రేవులో పనిచేసి రిటైరయ్యాడట. "ఇండియాలో ఉల్లిపాయ ఎంతుందో, అక్కడెంతుంటుందో" అన్నాను మాటవరసకి. ఆయన పచ్చడి కలుపుకుంటున్న చెయ్యి ఆపేశాడు.

"మీది ఇండియా అయితే మాదేటి బాబూ, బర్మానా? మెయిన్‌ల్యాండ్ అనండి. ఇంకోసారి ఇండియా అన్నారంటే మీ పచ్చడి తిననండి."

"తినకపోతే మిగులుద్ది కదండీ?"

"అందుకే ఇంకోసారి అనకండి."

ఆ తర్వాత నేను ఆ మాట అనలేదు. పచ్చడి కూడా మిగల్లేదు.

హాడో, డిగ్నాబాద్

హాడో రేవులో దిగగానే నాకర్థమైన మొదటి సంగతి, జనం ఓడ ఎవరిని తెచ్చిందో చూడ్డానికి మాత్రమే రారు, ఏం తెచ్చిందో కూడా చూస్తారు. మా వైపు టమాటాలు ధర లేక రోడ్డు పక్కన పారబోస్తే, అక్కడ వాటిని మామిడిపళ్లలా ఏరుకుంటారు. అదే వంజరం చేపని మా వైపు ధర అడిగి దండం పెట్టి వచ్చేస్తాం, అక్కడ మామూలు రోజు కూరలో తింటారు. భగవంతుడు రెండు ఒడ్లకీ చెరో సగం వంట సామాను ఇచ్చి మధ్యలో సముద్రం పెట్టాడు.

ఆ పూట ఊళ్లోనే ఉన్న డిగ్నాబాద్‌లో మా పెదనాన్న మనవడు లచ్చిబాబు ఇంట్లో దిగాను. పుట్టింది అక్కడే, ఉద్యోగం ఆఫీసులో. తెలుగు గడగడా మాట్లాడతాడు గానీ చదవమంటే నెత్తి గోక్కుంటాడు. వాళ్ల గల్లీలో ఒక గోడకి తెలుగు, ఇంకో గోడకి తమిళం, ఎదురింట్లో బెంగాలీ, అందరూ కలిసి తిట్టుకునేది హిందీలో. లచ్చిబాబు భార్య సరస్వతి "బాబాయ్, చాయ్ పియో, తర్వాత నహాయించండి" అంది. స్నానం చెయ్యమంటోందని రెండో గ్లాసు టీకి తెలిసింది.

ఇంకొక వింత. గడియారం మనదే, సూర్యుడు మాత్రం వాళ్ల సొంతం. పొద్దున్న అయిదుకి ఎండ మంచం మీదకొస్తుంది, సాయంత్రం అయిదున్నరకి దీపం పెట్టాలి.

దిగ్లీపూర్

మర్నాడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బస్సు. ఆ దారి సంగతి తిరుగు ప్రయాణంలో చెబుతాను. అప్పుడే అసలు కథ జరిగింది.

అక్క నన్ను చూసి ఏడ్చి, వెంటనే తిట్టింది. "ఏటిరా, ఇన్నేల్లకి అక్క గుర్తొచ్చిందా, గేర్‌బాక్స్ పాడైతే గానీ?" గౌరి మాత్రం నా మొహం చూడకుండా సంచి చూసింది. బ్యాటరీ తీసిచ్చాను. లాప్‌టాప్ తిరగేసి పెట్టింది. పట్టలేదు. అటు తిప్పి పెట్టింది. పట్టలేదు.

"మావా, ఇది వేరే కంపెనీది."

"కొంచెం ఆకురాయితో అరగదీస్తే?"

"మావా!"

ఆ ఒక్క "మావా"లో నేను ఏడో తరగతి మళ్లీ ఫెయిలయ్యాను.

సంగతేమిటంటే ఆ లాప్‌టాప్‌కి పాత బ్యాటరీ చచ్చిపోయి ఏడాదైంది. గోడ కరెంటు మీదే బతుకుతుంది. దిగ్లీపూర్లో కరెంటు తన ఇష్టం వచ్చినప్పుడు వచ్చి, చెప్పకుండా వెళ్లిపోయే చుట్టం. ఫోన్ సిగ్నలూ అంతే, సంస్థలో ఉన్న పెద్ద కంప్యూటర్‌ని ఇక్కణ్ణించి అందుకోవడం కుదరదు. గౌరి పని మొత్తం ఈ ముసలి లాప్‌టాప్ మీదే.

తెర మీద గుండ్రంగా ఒక బొమ్మ ఉంది.

"ఏటే అమ్మీ ఇది, సైకిల్ ట్యూబా?"

"స్టోరేజ్ రింగ్ మావా. చుట్టూ తిరిగొచ్చే గొట్టం. లోపల గాలి కూడా ఉండదు. అందులో ఎలక్ట్రాన్లని వదుల్తారు. గంటల తరబడి తిరుగుతానే ఉంటాయి. సెకనుకి లక్షల చుట్లు."

"తిరిగి ఎక్కడికెళ్తాయి?"

"ఎక్కడికీ వెళ్లవు."

"మీ నాన్న బోటు లాగే. డీజిల్ తాగడం, వేట లేకుండా వచ్చీడం."

పక్కనే వల బాగుచేస్తున్న బావ సూది ఆపి నన్ను చూశాడు. గౌరి నవ్వు ఆపుకుంటూ చెప్పింది. మలుపు తిరిగినప్పుడల్లా ఆ ఎలక్ట్రాన్లు వెలుగు చిమ్ముతాయట. ఆ వెలుగులో లోహాన్నీ మందునీ లోపలి అణువుల దాకా చూడొచ్చట. కానీ అవి గొట్టం మధ్యలో బుద్ధిగా ఉండాలి. దారంతా మాగ్నెట్లు పెట్టి వాటిని అదుపు చేస్తారు. మాగ్నెట్లు వెంట్రుకవాసి అటూ ఇటూ ఉన్నా ప్రతి చుట్టులో ఒక చిన్న దెబ్బ తగులుతుంది. దెబ్బలు కలిసొస్తే ఊగి ఊగి గోడకి తగిలి పోతాయి.

"ఒక స్పీడు దగ్గర బోటు అదిరిపోద్ది, చూళ్లేదా?" అన్నాను. "ఇంజన్ బాగానే ఉంటుంది, బోల్టులూ బాగానే ఉంటాయి, ఆ ఒక్క స్పీడు దగ్గర మాత్రం పళ్లు కొట్టుకుంటాయి. అక్కడ నిలబడకూడదు. కొంచెం ఎక్కించో తగ్గించో దాటెయ్యాలి."

గౌరి నన్ను కొత్తగా చూసింది. "అదే మావా! అచ్చం అదే. ఒక్కో చుట్టుకి ఎన్ని ఊపులు ఊగుతాయో, ఆ లెక్కని మేం ట్యూన్ అంటాం. నాది మూడో వంతుకి దగ్గర. అంటే ప్రతి మూడో చుట్టుకీ ఇంచుమించు అదే చోటికొచ్చి అదే దెబ్బ తింటాయి."

"మరక్కడెందుకు నిలబడ్డావు?"

"అక్కడైతే వెలుగు బాగా వస్తాది. మా మేడమ్ రిస్క్ వద్దన్నారు. నిలబడతాదని నిరూపిస్తానని నేను జిద్ చేశాను."

ఆ పట్టుదల ఎవరిదో నాకు తెలుసు. బావ మూడు సీజన్లు చేప పడని చోటే వల వేసి నాలుగో సీజన్లో గెలిచినవాడు.

నిజం మిషన్ తిప్పే ముందు కంప్యూటర్లో ఉత్తుత్తి ఎలక్ట్రాన్లు అయిదొందలు వదిలి, యాభై వేల చుట్లు తిప్పి, ఎన్ని బతికాయో చూపించాలి. నిజం మిషన్ మీద గౌరికి వచ్చిన వంతు ఆ శనివారం, రెండే గంటలు. శుక్రవారం సాయంత్రం అయిదుకల్లా మాగ్నెట్ల నంబర్లు మేడమ్‌కి చేరాలి. ఈ వంతు పోతే మళ్లీ ఆరు నెలలకి. గౌరికిచ్చిన గడువేమో నాలుగు నెలల్లో అయిపోతుంది. శనివారం తప్పితే నాలుగేళ్ల చదువు సగంలో ఆగినట్టే.

ఆమె చెబుతుండగానే ఫ్యాను ఆగింది. తెర నల్లబడింది. నా గుండె ఆగింది. గౌరి మాత్రం అరటిపండు ఒలుచుకుంటోంది.

"మళ్లీ మొదట్నించా అమ్మీ?"

"అరే నహీ మావా, టెన్షన్ ఎందుకు? ప్రతి వెయ్యి చుట్లకీ ఎవరెవరు ఎక్కడున్నారో ఒక ఫైల్లో రాసేస్తాది. కరెంటొచ్చాక అక్కణ్ణించే ఎత్తుకుంటాది. నా ప్రోగ్రామే. మెయిన్‌ల్యాండ్ ఫ్రెండ్స్‌కి ఈ తెలివి ఎక్కడిది? వాళ్లకి కరెంటు పోదు కదా. మేం దీవోళ్లం, పోతాదని ముందే అనుకుని పని మొదలెడతాం."

బుధవారానికి నేను గేర్‌బాక్స్ బిగించాను. ఆ మధ్యాహ్నమే, నాలుగు కరెంటు కోతల తర్వాత, గౌరి లెక్కా ముగిసింది. తెర మీద నూటికి నూరు. ఒక్కటీ పోలేదు. అక్క వంజరం ముక్కలు కొబ్బరి పాలలో వండింది. దిగ్లీపూర్లో ఏ వార్త వచ్చినా కొబ్బరి పాలలోనే వండుతారు. మేడమ్‌కి రెండు ముక్కల మెసేజ్ ఎలాగో పోయింది. పూర్తి రిపోర్టు పంపడానికీ వీడియోలో మాట్లాడడానికీ డిగ్నాబాద్ వెళ్లాలి. మర్నాడు పొద్దుటి బస్సుకి బయల్దేరాం.

రంగత్‌లో తప్పిన బస్సు

బ్యాటరీ తప్పు నాది. అందుకని బావ బోటులోంచి పెద్ద బ్యాటరీ విప్పి, దాని ఇన్వర్టరుతో సహా గోనెసంచిలో కట్టి బస్సెక్కించాను. రిపోర్టు పంపే వేళకి కరెంటు పోతే నేను మొహం ఎక్కడ పెట్టుకోను? కండక్టరు శంకర్, అక్కడే పుట్టిన తెలుగువాడు, సంచి తట్టి చూశాడు.

"మామాజీ, యే క్యా హై? బాంబా?"

"మా అల్లుడికి కట్నం."

"ఇంత బరువా! దీనిక్కూడా టికెట్ లగేగా."

"సీటిస్తావా మరి?"

ఇవ్వలేదు. వెనక వరసలో నా కాళ్ల మధ్య పెట్టుకున్నాను. గౌరికి ముందు ఆడవాళ్ల వరసలో కిటికీ దొరికింది.

అడవి, తర్వాత అడవి, మధ్యలో ఒక వంతెన, దాని కింద ఆకుపచ్చ నీళ్లు, తర్వాత మళ్లీ అడవి. మా తూర్పు కనుమల్లో చెట్లు మనుషుల్ని చూసి పక్కకి జరిగినట్టుంటాయి. ఇక్కడ బస్సే సిగ్గుపడి సందులోంచి పోతుంది. రంగత్ బజార్లో పావుగంట ఆపారు. పూరీ, బంగాళాదుంప కూర తిని చేతులు కడుక్కుంటుంటే ఒక చప్పుడు వినబడింది.

చెరుకు రసం బండికి కట్టిన చిన్న డీజిలింజను. నాలుగు దెబ్బలకి ఒకటి తప్పుతోంది. టక్ టక్ టక్, ఏమీ లేదు. టక్ టక్ టక్, ఏమీ లేదు. ఏడుస్తున్న పిల్లని చూసి మీరు వెళ్లిపోగలరేమో, ఆ చప్పుడు విని నేను వెళ్లలేను. బండాయన పేరు ఫిలిప్, రాంచీ వైపు నుంచి వచ్చిన కుటుంబం. డీజిల్ గొట్టంలో గాలి పట్టింది. నట్టు వదులు చేసి, గాలి తీసి, బిగించాను. ఇంజను పాట అందుకుంది. ఫిలిప్ అల్లం వేసి గ్లాసు నిండా రసం ఇచ్చాడు. రెండో గ్లాసు సగంలో ఉండగా తల తిప్పితే బస్సు లేదు.

బస్సులో మేనకోడలు, బ్యాటరీ, నా చెప్పులు. కాళ్లు బారజాపుకుందామని విప్పిన చెప్పులు సీటు కిందే ఉండిపోయాయి.

గౌరికి ఫోన్ చేశాను, సిగ్నల్ లేదు. ఫిలిప్ నా కాళ్లకేసి చూశాడు, రోడ్డుకేసి చూశాడు. "ఆప్‌నే ఇంజన్ చలా దియా, బస్ మై పకడ్వా దూంగా" అన్నాడు. ఇంజను నడిపించావు, బస్సు నేను పట్టిస్తానని. బండి వాళ్లావిడకి అప్పగించి, కొబ్బరికాయల వ్యాను తీశాడు. దారంతా ఎండు కొబ్బరి, బెల్లం పెడుతూనే ఉన్నాడు. డీజిల్‌కి ఏమైనా తీసుకోమంటే స్టీరింగు వదిలి రెండు చేతులతో దండం పెట్టాడు. మళ్లీ అడగలేదు. మర్యాద కోసం కాదు, మలుపులున్నాయి.

బారాటాంగ్ గేటు

బారాటాంగ్ దగ్గర బళ్లన్నీ ఆగాలి. అవతల జారవా ఆదివాసుల అడవి. అది వాళ్ల ఇల్లు. బళ్లు పోలీసు కాపలాతో గుంపుగా, ఆగకుండా, ఫోటోలు తియ్యకుండా దాటాలి. గేటు తీసే వేళ కోసం వరసలో మా బస్సు నిలబడి ఉంది. దాని మెట్ల మీద శంకర్ పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు.

ఉత్త కాళ్లతో వెళ్లి అతని ఎదురుగా నిలబడ్డాను.

"అరే మామాజీ! ఆప్ నీచే కబ్ ఉతరే?" ఎప్పుడు దిగారని అడుగుతున్నాడు మహానుభావుడు.

"రంగత్‌లో. నన్నొదిలేసి వచ్చావు."

"హో హీ నహీ సక్తా! నేను తలలు గిన్తీ చేశాను. రంగత్‌లో బస్ కదిలేముందు ముప్పై ఆరు. ఇక్కడ మళ్లీ గిన్తీ చేశాను, ముప్పై ఆరు. ఒక్కడు తక్కువ లేడు. ఫుల్ హాజర్!"

"ఒరే నాయనా, రంగత్‌కి ఎంతమందితో వచ్చావు?"

శంకర్ పుల్ల నోట్లోంచి తీశాడు. "ముప్పై ఏడు" అన్నాడు మెల్లగా.

బస్సంతా ఘొల్లుమంది. అందరికంటే పెద్దగా నవ్వింది గౌరి. వెనక నేను కునుకు తీస్తున్నాననుకుందట. "మావా, నువ్వు తప్ప అందరూ ఉన్నారు కాబట్టి నూటికి నూరు" అని కళ్లు తుడుచుకుంటూ అంది.

అని, ఆగిపోయింది.

నవ్వు మొహం మీదే ఉంది గానీ లోపల మనిషి లేదు. ఇంజను ఆపేసినా కాసేపు తిరిగే చక్రంలా ఉంది ఆ నవ్వు.

"మావా. బ్యాటరీ తీ."

"ఏటయ్యిందే?"

"తీ మావా, ప్లీజ్."

రోడ్డు పక్క గట్టు మీద బోటు బ్యాటరీ, ఇన్వర్టరు, లాప్‌టాప్ పెట్టాం. గౌరి పాత ఫైళ్లు ఒక్కొక్కటే తెరిచింది. మొదలెట్టినప్పుడూ, కరెంటు పోయిన ప్రతిసారీ ఆఖరునా రాసుకున్నవి. మొదటిదానిలో అయిదొందలు. మొదటి కోత తర్వాత నాలుగొందల అరవై మూడు. తర్వాత నాలుగొందల పద్దెనిమిది. తర్వాత మూడొందల డెబ్బై ఒకటి. నాలుగో కోత తర్వాత మూడొందల పన్నెండు.

"ఫైల్లో బతికున్నవాటినే రాస్తున్నాను మావా. కరెంటొచ్చాక ఆ ఫైల్లో ఎన్నుంటే అవే మొత్తం అనుకుని మళ్లీ మొదలెడుతోంది. ఆఖరిసారి మూడొందల పన్నెండు ఎక్కాయి, మూడొందల పన్నెండు దిగాయి. నూటికి నూరు." మొదటి ఫైలు మీద వేలు పెట్టింది. "నూట ఎనభై ఎనిమిది దారిలో రాలిపోయాయి. నేను శంకర్ భయ్యా లాగా గిన్తీ చేశాను."

కరెంటు పోని ఊళ్లో ఈ తప్పు ఎవరూ చెయ్యలేరు. చెయ్యడానికి అవకాశమే లేదు. అది ముందుచూపున్న దీవి పిల్ల మాత్రమే చెయ్యగల తప్పు.

ఏడుస్తుందేమోనని నా అలవాటు కొద్దీ వెటకారంలోకి దిగాను. "మీ మేడమ్‌కి నూరని చెప్పేశావు కదా. ఎవరికి తెలుస్తుందిలే."

గౌరి నాకేసి చూసిన చూపుకి బ్యాటరీలో యాసిడ్ చల్లగా అనిపించింది.

"శనివారం గొట్టం గోడకి తెలుస్తాది మావా."

"అయితే ఆ స్పీడు దాటెయ్" అన్నాను.

గౌరి కళ్లు తుడుచుకోలేదు, కన్నీళ్లు రానిస్తే కదా. ఒక కాగితం మీద పెద్దగా 500 అని రాసి లాప్‌టాప్ తెరకి అంటించింది. "ఇక ఏది చూసినా దీన్నించే లెక్క" అంది. గేటు తీసే దాకా మాగ్నెట్ల బలం కొంచెం కొంచెం మార్చి, నాలుగు రకాలుగా, రెండేసి వేల చుట్లు తిప్పి చూసింది. శంకర్ వచ్చి తెర మీద చుక్కలు చూస్తూ నిలబడ్డాడు. గేటు తీస్తే నడుస్తున్న లాప్‌టాప్‌తో సహా బ్యాటరీని తనే ఒక పక్క పట్టుకుని ఎక్కించాడు. ఈసారి నాకూ బ్యాటరీకీ ముందు వరసలో సీటిచ్చాడు. బస్సు కదిలే ముందు నా నెత్తి మీద చెయ్యి పెట్టి గట్టిగా "సైంతీస్!" అని అరిచాడు. ముప్పై ఏడు.

అడవిలో గంటన్నర ప్రయాణం. అందరూ కిటికీలకి అతుక్కున్నారు. గౌరి తల ఎత్తలేదు.

డిగ్నాబాద్, శుక్రవారం

నాలుగిట్లో ఒకటి మిగిలింది. మూడో వంతు నుంచి కాస్త జరిగిన నంబరు. వెలుగు కొంత తగ్గుతుంది, కానీ నిలబడుతుందని నమ్మకం. నమ్మకం సరిపోదు. యాభై వేల చుట్లూ పూర్తిగా, ఒక్కసారి కూడా ఆగకుండా తిరగాలి. తొమ్మిదిన్నర గంటల పని. అయిదింటికి గడువు. ఒకే ఒక్క అవకాశం.

పొద్దున్న అయిదుకి, ఎండ మొహం మీద కొట్టగానే, మొదలెట్టాం. ఇక్కడ నా బుర్ర పనికొచ్చింది. లాప్‌టాప్‌ని గోడకి పెట్టలేదు. ఇన్వర్టరుకి పెట్టాను, ఇన్వర్టరుని బోటు బ్యాటరీకి, బ్యాటరీకి చార్జరు, చార్జరుని గోడకి. గోడ కరెంటు ఉంటే బ్యాటరీ నిండుతుంది, పోతే లాప్‌టాప్‌కి ఆ సంగతే తెలీదు.

సరస్వతి ఇడ్లీ పెట్టింది, సాంబారులో సిప్పీఘాట్ తోటల నుంచి తెచ్చిన మిరియాల ఘాటు. లచ్చిబాబు ఆఫీసుకి ఆలస్యంగా వెళ్లాడు. ఎదురింటి బెంగాలీ ఆవిడ చేపల వేపుడు పట్టుకొచ్చి "బాచ్చా కా పరీక్షా హై క్యా?" అని అడిగి, గౌరిని చూసి, మాట తగ్గించి వెళ్లింది.

పదిన్నరకి ఫ్యాను ఆగింది. ఫ్రిజ్జు ఆగింది. పక్కింటి టీవీలో పాట మధ్యలో తెగింది. గౌరి నా చెయ్యి పట్టుకుంది. లాప్‌టాప్ తెర వెలుగుతూనే ఉంది. చుట్టు నంబరు పెరుగుతూనే ఉంది. ఇరవై తొమ్మిది వేల నాలుగు వందలు. అయిదు వందలు. ఆరు వందలు.

"కరెంటు పోయింది మావా" అంది గొంతులోనే.

"దానికి చెప్పకు."

ముప్పావుగంట తర్వాత కరెంటొచ్చింది. ఆ ముప్పావుగంటా నేను బ్యాటరీ మూతల మీద చెయ్యి తియ్యలేదు. వేడెక్కుతుందేమోనని అనుకున్నారు అందరూ. నిజానికి దాన్ని పట్టుకుని మొక్కుకుంటున్నాను.

రెండున్నరకి లెక్క ముగిసింది. అయిదొందల్లో నాలుగొందల తొంభై ఒకటి. తొమ్మిది పోయాయి.

నూరు రాలేదని నేను దిగులుపడ్డాను. గౌరి ఆ తొమ్మిదింటినీ ఒక్కొక్కటిగా తెరిచి, ఏది ఏ చుట్టులో పోయిందో రాసుకుంది. తర్వాత రిపోర్టు రాసింది. మొదటి వాక్యం నాకు చదివి వినిపించింది: "బుధవారం నేను పంపిన ఫలితం తప్పు, తప్పు నాదే." దాన్ని చివర్లో పెట్టుకోవచ్చు కదా అన్నాను. మొదటే ఉండాలంది.

నాలుగింటికి మేడమ్ ఫోన్. గౌరి స్పీకరు పెట్టింది. అవతల అంతా హిందీ.

"నీ పాత ఫలితం మీద నేను సంతకం పెట్టేశాను, తెలుసా?"

"సారీ మేడమ్."

"నేను వద్దన్నప్పుడు వినలేదు. ఇప్పుడు ఎలా పట్టుకున్నావు?"

"మా మావయ్య బస్సు మిస్సయ్యారు మేడమ్."

గౌరి మొత్తం చెప్పింది, శంకర్ పుల్లతో సహా. మేడమ్ నవ్విందో దగ్గిందో ఫోన్లో తెలియలేదు. చివరికి అంది: "వంతు నీదే. కొత్త నంబర్లతోనే. కానీ మొదటి అరగంటలో బీమ్ పడిపోతే మిగతా టైము వేరేవాళ్లకి ఇచ్చేస్తాను. సరేనా?"

"సరే మేడమ్" అంది గౌరి. ఫోన్ పెట్టేసి, పొద్దున్నుంచీ ముట్టని ఇడ్లీలు చల్లారినవే ఆరు తినేసింది.

మళ్లీ హాడో

శనివారమే నా తిరుగు ఓడ, పన్నెండు గంటల నుంచి ఎక్కించుకుంటున్నారు. అక్కడ మెయిన్‌ల్యాండులో గౌరి వంతు పదకొండు నుంచి ఒంటిగంట దాకా. ఆమె డిగ్నాబాద్‌లో తెర ముందు కూర్చుంది. నన్ను సాగనంపడానికి రానక్కర్లేదని నేనే తిట్టి కూర్చోబెట్టి వచ్చాను. బోటు బ్యాటరీ ఆమె దగ్గరే. నా దగ్గర పట్టని లాప్‌టాప్ బ్యాటరీ ఉంది.

హాడో రేవులో సంచి మీద కూర్చుని ఫోన్ చూస్తున్నాను. పదకొండున్నర దాటింది. ఏమీ లేదు. పన్నెండు. ఏమీ లేదు. అరగంటలో పడిపోతే చెప్పడానికి మనసు రాక చెప్పలేదేమో. చుట్టూ జనం మూటలెత్తుకుని ఎక్కుతున్నారు. చివరివాళ్లూ ఎక్కేశారు. నేను లేవలేదు. ఓడ ఎక్కితే కాసేపటికి సిగ్నల్ పోతుంది. తెలియకుండా మూడు రోజులు సముద్రం మీద ఉండడం నా వల్ల కాదు.

ఒంటిగంటా అయిదుకి మెసేజ్ వచ్చింది. "మావా, వంద పాళ్లు ఎక్కాయి. రెండు గంటలకి ఎనభై ఎనిమిది ఉన్నాయి."

చచ్చింది గొర్రె. పన్నెండు పోయాయి. ఇది మంచా చెడ్డా? ఏడో తరగతి వాడికి ఇలాగేనా చెప్పడం? ఫోన్ చేశాను.

"అమ్మీ, పాసా ఫెయిలా, ముందది చెప్పు."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. వెనక లచ్చిబాబు, సరస్వతి, బెంగాలీ ఆవిడ, మూడు భాషల్లో అరుపులు.

"నిజం బీమ్ మావా, కొంచెం కొంచెం తగ్గుతాది. అంత తగ్గడం మామూలే. పడిపోలేదు. రెండు గంటలూ నిలబడింది. మేడమ్ నంబర్లు అలాగే ఉంచమన్నారు, నా పని ముందుకెళ్లమన్నారు. ఎక్కినవెన్నో చెప్పే నీకు చెప్పాను, చూశావా?"

చూశాను. సంచి చాటున కళ్లు కూడా తుడుచుకున్నాను. ఆ విషయం మీరు ఎక్కడా చెప్పకండి.

అప్పుడే ఓడ మెట్ల మీద నుంచి కేక వినబడింది. తెల్ల బట్టల మనిషి ఒకడు చేతిలో జాబితా పట్టుకుని, అమ్మిన టికెట్ల లెక్కతో ఎక్కినవాళ్ల తలలు సరిచూస్తున్నాడు. ఎక్కినవాళ్లని చూసి తృప్తిపడి ఊరుకునే రకం కాదు. జాబితా మొదటి పేజీ తిప్పాడు, మళ్లీ లెక్కపెట్టాడు, తల అడ్డంగా ఊపాడు.

"ఏక్ ఆద్మీ కమ్ హై!" అని రేవంతా వినబడేలా అరిచాడు. "ఒక్కడు తక్కువ! ఎవడు వాడు?"

"నేనే బాబూ, నేనే" అని సంచి భుజానేసుకుని పరిగెత్తాను.